షమా నుంచి మైకు దాకా: ముషాయిరా నాజిమ్‌ల ముచ్చట

ప్రతి సంవత్సరం మన సంఘం వార్షికోత్సవానికి నెల రోజుల ముందు కార్యవర్గ సమావేశం జరుగుతుంది. షామియానా ఎవరి దగ్గర తేవాలి, బిర్యానీ దేగ్‌లు ఎన్ని పెట్టాలి, ఎందరు పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వాలి, ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలి అన్న విషయాలన్నీ గంటల తరబడి చర్చించుకుంటాము. చివరికి అందరూ లేచి చెప్పులు వేసుకుంటూ వుండగా ఎవరో ఒకరికి గుర్తొస్తుంది. "అవునూ, ముషాయిరాకు నిజామత్ ఎవరు చేస్తారు?" అంటారు. "ఎవరేమిటి భాయ్, మాస్టర్ సాబ్ వున్నారుగా! పేర్లు పిలవడమేగా!" అని ఇంకొకరు జవాబు చెప్తారు. అంతటితో ఆ అంశం ఏకగ్రీవంగా తీర్మానమైపోతుంది.

ఆ "పేర్లు పిలవడమేగా" అన్న మాట మీదనే ఈ వ్యాసం రాస్తున్నాను. ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నవాణ్ణి. అలా అనుకున్నందువల్ల నా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటు గురించి కూడా చివర్లో మనవి చేస్తాను. అంతకు ముందు ఈ నాజిమ్ అనే మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో, ఎందుకు అవసరమయ్యాడో కాస్త చరిత్ర చూద్దాము.

మాట పుట్టుక

నేను ఉర్దూ మీడియం బడిపంతులును గనుక మాట పుట్టుకతో మొదలుపెట్టడం నాకు అలవాటు. అరబ్బీలో 'నజ్మ్' అంటే ముత్యాలను దారానికి గుచ్చడం, దేన్నయినా వరుసలో పెట్టడం. మాటలను వరుసగా గుచ్చితే పద్యం అవుతుంది గనుక పద్యాన్ని కూడా నజ్మ్ అన్నారు. ఆ ధాతువు నుంచే 'ఇంతిజామ్' వచ్చింది. దాన్నే మనం పెళ్లిళ్లప్పుడు "ఇంతజాం అంతా బాగుందా?" అని తెలుగులో కూడా అడుగుతుంటాము. రాజ్యాన్ని ఒక వరుసలో పెట్టేవాడు నిజాముల్ ముల్క్. హైదరాబాదు నిజాం అన్న బిరుదూ, నిజామాబాదు అన్న ఊరి పేరూ అక్కణ్ణుంచి వచ్చినవే. సభను వరుసలో పెట్టేవాడు నాజిమ్, అతను చేసే పని నిజామత్.

ఇంత పెద్ద కుటుంబానికి చెందిన మాట అది. దండలో ముత్యాలు మెరవాలి గానీ దారం మెరవకూడదు. అయితే దారం తెగిందంటే ముత్యాలు ఎంత మంచివైనా నేలపాలే. నాజిమ్ పని సరిగ్గా అటువంటిది.

ఇంటి యజమానే నాజిమ్ అయిన కాలం

ముషాయిరా అంటే కవులు కలిసి కూర్చుని ఒకరి ఎదుట ఒకరు కవిత్వం చదువుకునే గోష్ఠి. ఢిల్లీలో మొదట ఈ గోష్ఠులు ఫార్సీ కవిత్వానికే పరిమితం. మన దక్కను నుంచి వెళ్లిన వలీ కవిత్వం 1720 ప్రాంతంలో ఢిల్లీ వాళ్ల చెవిన పడిన తరువాత, మాట్లాడే భాషలో కూడా గొప్ప గజల్ చెప్పవచ్చునని అక్కడివాళ్లకు నమ్మకం కుదిరింది. అప్పట్లో ఆ భాషను రేఖ్తా అనేవారు. రేఖ్తా గోష్ఠులకు ముషాయిరా అని కాక 'మురాఖ్తా' అని వేరే పేరు కూడా పెట్టుకున్నారు.

మీర్ తఖీ మీర్ 1752లో పూర్తి చేసిన 'నికాతుష్షుఅరా' అనే కవుల చరిత్రలో ఒక ముచ్చట వున్నది. సూఫీ కవి ఖ్వాజా మీర్ దర్ద్ ఇంట్లో ప్రతి నెలా రేఖ్తా గోష్ఠి జరిగేది. కాలం కలిసిరాక అది అక్కడ జరగడం కష్టమైనప్పుడు, ఇకమీదట దీన్ని మీ ఇంట్లో పెట్టుకోండి అని దర్ద్ స్వయంగా మీర్‌తో అన్నారట. అప్పటి నుంచి నెలకు 15వ తేదీన మీర్ ఇంట్లో అది జరిగింది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి వున్నది. అక్కడ వేరే నాజిమ్ లేడు. ఇంటి యజమానే నాజిమ్. వచ్చిన కవులందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు. ఎవరు చిన్నో ఎవరు పెద్దో, ఎవరి ఉస్తాద్ ఎవరో చెప్పవలసిన అవసరం లేదు. ఇంటికి వచ్చిన అతిథి మనసు నొచ్చుకోకుండా చూసుకోవడమే ఆనాటి నిజామత్. దర్ద్ వంటి పెద్దమనిషి తన ఇంటి గోష్ఠిని తనకన్నా చిన్నవాడైన మీర్ ఇంటికి పంపించడంలో, సభ నాది కాదు, అందరిదీ అన్న భావం కనపడుతున్నది.

అదుపు చేసేవాడు లేకపోతే

అయితే అన్ని సభలూ దర్ద్ గారి ఇంటి సభల్లా జరగలేదు. మౌలానా ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో ప్రచురించిన 'ఆబ్-ఎ-హయాత్' చదివితే ఆనాటి ముషాయిరాలలో జరిగిన పోట్లాటలు కూడా తెలుస్తాయి. ఒకటి చెబుతాను.

షా ఆలమ్ కాలంలో ఢిల్లీలో మీర్జా అజీమ్ బేగ్ అనే కవి వుండేవాడు. సౌదా శిష్యుడు. తన మీద తనకు కొంచెం ఎక్కువే నమ్మకం. ఒకసారి ఆయన చెప్పిన గజల్‌లో కొన్ని పాదాలు 'రజజ్' అనే ఛందస్సు నుంచి 'రమల్' లోకి జారిపోయాయి. తెలుగులో చెప్పాలంటే ఉత్పలమాలలో మొదలుపెట్టి తెలియకుండా చంపకమాలలోకి పోయినట్టు. ఇన్షా అల్లా ఖాన్ ఇన్షా దాన్ని ముందే గమనించాడు. ఆ క్షణంలో ఏమీ అనకుండా పొగిడి, ముషాయిరాలో చదవమని ప్రోత్సహించాడు. పాపం ఆయన నిండు సభలో చదివాడు. వెంటనే ఇన్షా లేచి, దీన్ని గణవిభజన చేసి చూపించండి అని అందరి ముందు నిలదీశాడు. ఆ మనిషి పరువు సభలో ఏమైందో మీరే ఊహించుకోండి. తరువాత అజీమ్ బేగ్ జవాబుగా ఒక పద్యం రాశాడు. ఆయన పేరున చెప్పే రెండు పంక్తులు ఈనాటికీ ఉర్దూ వాళ్ల నోళ్లలో సామెతగా తిరుగుతున్నాయి. కవి పేరు మరిచిపోయారు గానీ ఆ మాట మిగిలింది.

ఆ ఇన్షా గారే తరువాత లక్నో వెళ్లి ముస్‌హఫీతో తగాదా పెట్టుకున్నాడు. ఆ తగాదా పద్యాలతో మొదలై, శిష్యులు వీధుల్లో ఊరేగింపులు తీసి ఒకరినొకరు ఎగతాళి చేసుకునే దాకా పోయింది. ఇద్దరూ మహాకవులే. ఇన్షాకు తెలివితేటలు తక్కువా? ఎన్నో భాషలు వచ్చినవాడు, 1808 ప్రాంతంలోనే ఉర్దూ భాషకు వ్యాకరణం రాసినవాడు. కాని సభలో ఎదుటివాడి పరువు కాపాడాలన్న ఆలోచన లేని తెలివి ఎంత చేటు తెస్తుందో చెప్పడానికి ఆయన కథ చాలు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

కోటలో షమా

బహదూర్ షా జఫర్ 1837లో గద్దె ఎక్కే నాటికి మొగలు రాజ్యం ఎర్రకోట గోడల మధ్యకు చేరింది. రాజ్యం పోయినా కవిత్వం మిగిలింది. జౌఖ్, మోమిన్, గాలిబ్ ఒకే ఊళ్లో వున్న కాలం అది. ఆ కాలపు ముషాయిరా ఎలా వుండేదో మన కళ్లకు కట్టించిన పుస్తకం 'దిల్లీకీ ఆఖ్రీ షమా'. రాసినవారు మీర్జా ఫర్హతుల్లా బేగ్. ఆయన ఢిల్లీలో పుట్టి, ఉద్యోగరీత్యా హైదరాబాదు వచ్చి, 1947లో హైదరాబాదులోనే కన్ను మూశారు. 1845లో జరిగినట్టుగా ఆయన వర్ణించిన ముషాయిరా చాలావరకు కల్పన. మౌల్వీ కరీముద్దీన్ ఆ రోజుల్లో నిజంగానే నడిపిన ముషాయిరాను ఆధారం చేసుకుని, పాత కవుల చరిత్రలు వెతికి, ఎవరు ఎలా కూర్చునేవారు, ఏ బట్టలు కట్టేవారు, ఎలా చదివేవారు అన్నవి ఏరి కూర్చారు.

ఆ పద్ధతి ఇలా వుండేది. తెల్లని చాందినీ పరచిన నేల మీద కవులు వరుసగా కూర్చుంటారు. సభకు పెద్దగా ఒకరు 'మీర్-ఎ-ముషాయిరా'. చదివేవాళ్లు లేవరు, నడవరు. వెలిగించిన షమా, అంటే కొవ్వొత్తి, ఎవరి ముందుకు వస్తే వారిది వంతు. ఆ షమాను ఒకరి ముందు నుంచి తీసి మరొకరి ముందు పెట్టేవాళ్లు చోపుదార్లు. చిన్నవాళ్లతో మొదలై, ఉస్తాదులతో ముగుస్తుంది. షమా ఎవరి ముందు వుంటే వారి ముఖం మాత్రమే వెలుగులో వుంటుంది. తెచ్చిన చోపుదారు వెనక్కి తగ్గి చీకట్లో నిలబడతాడు.

ఆ పుస్తకంలో మీర్-ఎ-ముషాయిరా యువరాజు మీర్జా ఫఖ్రూ. ఆయన సవతి కొడుకే కోటలో పెరిగిన దాగ్ దెహ్లవీ. 1857 తరువాత ఆ కోటా పోయింది, పాదుషా రంగూన్ పోయి 1862లో అక్కడే చనిపోయాడు. దాగ్ రాంపూరు మీదుగా 1888లో హైదరాబాదు చేరుకున్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఉస్తాద్ అయ్యారు. 1905లో మరణించగా నాంపల్లి యూసుఫైన్ దర్గాలో సమాధి చేశారు. ఆ తరువాత హైదరాబాదు ప్రధానమంత్రిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్, 'షాద్' అన్న కలం పేరుతో తానే కవి, తన దేవిడీలో ముషాయిరాలు జరిపించేవారు. ఎర్రకోటలో ఆరిన షమాను ఒక రకంగా మన దక్కను వాళ్లే మళ్లీ వెలిగించుకున్నారని చెప్పవచ్చు. ఆ గౌరవంలో హిందువులూ ముస్లిములూ ఇద్దరూ భాగస్వాములే.

మధ్యలో 1874లో లాహోరులో ఇంకొక మార్పు వచ్చింది. అప్పటిదాకా చాలా ముషాయిరాలలో ఒక పాదం ముందుగా ఇచ్చి, అదే ఛందస్సులో, అదే ప్రాసలో అందరూ గజల్ రాయాలనేవారు. దాన్ని 'తరహ్' అంటారు. మన అవధానాల సమస్యాపూరణానికి దగ్గరి చుట్టం. అంజుమన్-ఎ-పంజాబ్ వారు కర్నల్ హాల్‌రాయిడ్ అనే విద్యాశాఖాధికారి ప్రోత్సాహంతో, మౌలానా ఆజాద్, మౌలానా హాలీ వంటివారి సహకారంతో, పాదానికి బదులు వానాకాలం, దేశభక్తి వంటి విషయాలు ఇచ్చి పద్యాలు రాయించారు. ఆ ముషాయిరాలు ఎక్కువకాలం నడవలేదు గానీ, ఇంటి గోష్ఠిగా, కోట గోష్ఠిగా వున్న ముషాయిరా సంఘాల వేదిక మీదికి వచ్చిన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది. ఈనాడు మన సంఘం నడిపే ముషాయిరా ఆ దారిలోదే.

మైకు వచ్చింది

ఇరవయ్యో శతాబ్దంలో ముషాయిరా ఇల్లు దాటి, కోట దాటి, మైదానంలోకి వచ్చింది. మైకులు, లౌడు స్పీకర్లు వచ్చాయి. వినేవాళ్లు పదుల నుంచి వేలయ్యారు. జిగర్ మురాదాబాదీ వంటివారు తరన్నుమ్‌తో, అంటే రాగం తీసి చదివితే జనం రాత్రంతా కదలకుండా వినేవారు. స్వాతంత్య్రం వచ్చిన తరువాత అదే ఎర్రకోటలో గణతంత్ర దినోత్సవ సందర్భాన ముషాయిరా జరపడం ఆనవాయితీ అయింది.

ఇక్కడే నాజిమ్ అవసరం పుట్టింది. ఒక్కసారి ఆలోచించి చూడండి. షమా వున్న రోజుల్లో వెలుగే కవి దగ్గరకు పోయేది. మైకు కదలదు. కవే లేచి మైకు దగ్గరకు రావాలి. ఆయన్ను ఎవరో పిలవాలి. ఆయన శాలువా సర్దుకుని, కళ్లజోడు వెతుక్కుని, నడిచి వచ్చేలోపు ఆ ఖాళీని ఎవరో నింపాలి. పూర్వం వినేవాళ్లకు కవి ఎవరో తెలుసు. ఇప్పుడు వెనక వరుసలో కూర్చున్న రిక్షా సోదరుడికి, సైకిల్ షాపు సోదరుడికి ఆ కవి ఎవరో, ఎందుకు వినాలో ఎవరో చెప్పాలి. పూర్వం దాద్ ఇవ్వడం తెలిసినవాళ్లే వచ్చేవారు. ఇప్పుడు వాహ్‌వాతో పాటు ఈలలూ కేకలూ కూడా వస్తాయి. వాటినీ ఎవరో ఒకరు కోపం తెచ్చుకోకుండా చల్లార్చాలి. ఇంటి యజమాని, మీర్-ఎ-ముషాయిరా, చోపుదారు, ఈ ముగ్గురి పనీ కలిసి ఒకే మనిషి నెత్తిన పడింది. సభకు సదర్ వేరే వుంటారు, ఆయన గౌరవ పీఠం ఆయనది. కాని పడవ నడిపేవాడు నాజిమే.

అన్నిటికన్నా కష్టం వరుస నిర్ణయించడం. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది కవుల మధ్య పాత తగాదా. చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు తరువాత, అందరికన్నా చివర సదర్ అన్న సూత్రం వున్నది. కాని ఆ సూత్రం ఒక్కటే పట్టుకుంటే సభ నిద్రపోతుంది. రాగంతో చదివే కవి తరువాత వెంటనే ఇంకో రాగం కవిని పిలిస్తే ఇద్దరికీ నష్టం. మధ్యలో తహతుల్ లఫ్జ్, అంటే మామూలు గొంతుతో మాటకు బలమిచ్చి చదివే కవి రావాలి. అర్ధరాత్రి దాటి జనం ఆవులించే వేళకు ఒక హాస్య కవి కావాలి. మన వైపు ఆ వేళకు దక్కనీ కవిని పిలుస్తారు. సులైమాన్ ఖతీబ్ వంటివారు దక్కనీలో చదివితే, మనింటి అత్తాకోడళ్ల మాటలే వేదిక మీద వినపడినట్టు ఆడవాళ్లు కూడా పడీపడీ నవ్వేవారు. 1962లో మొదలైన జిందాదిలాన్-ఎ-హైదరాబాద్ వారు ఆ హాస్యానికి ప్రత్యేకంగా సభలే పెట్టారు. కాని హాస్య కవి దిగిన తరువాత వచ్చేవాడి గతి ఏమిటి? అంతసేపూ నవ్విన జనం ముందు ఒక తల్లి మరణం గురించి చదవవలసిన కవిని వెంటనే నిలబెడితే, ఆయన నోరు తెరవకముందే ఓడిపోతాడు. అక్కడ నాజిమ్ రెండు నిమిషాలు తీసుకుని, నవ్వును మెల్లగా దించి, నిశ్శబ్దం తెచ్చి, అప్పుడు పేరు పిలవాలి. పేర్లు పిలవడమేగా అన్నవారు ఈ రెండు నిమిషాల సంగతి దయచేసి ఆలోచించాలి.

ముగ్గురు పెద్దలు

ఈ విద్యలో పేరు గడించినవారు చాలామంది. ముగ్గురి గురించి మాత్రం చెబుతాను.

మొదటివారు కుంవర్ మహేందర్ సింగ్ బేదీ 'సహర్'. 1909లో పుట్టి 1992లో వెళ్లిపోయారు. గురునానక్ వంశానికి చెందిన సిక్కు పెద్దమనిషి, ప్రభుత్వంలో మేజిస్ట్రేటుగా పనిచేశారు, ఉర్దూలో మంచి కవి. ఆయన సభ నడిపితే హాస్యం జల్లు పడినట్టు వుండేదని పాతవాళ్లు ఈనాటికీ చెప్తారు. దేశ విభజన గాయాలు పచ్చిగా వున్న రోజుల్లో, తలపాగా కట్టిన ఒక సిక్కు పెద్ద ఉర్దూ ముషాయిరా నడపడమే ఒక పెద్ద మాట. ఆ మాట ఆయన నోటితో చెప్పనక్కరలేదు, మైకు దగ్గర నిలబడితే చాలు.

రెండవవారు ప్రొఫెసర్ మలిక్‌జాదా మంజూర్ అహ్మద్, 1929 నుంచి 2016 వరకు. లక్నో విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధించారు. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ మీద పరిశోధన చేశారు. 'రఖ్స్-ఎ-శరర్' అని తన జీవిత చరిత్ర రాసుకున్నారు. నా చిన్నతనంలో మా చిచ్చా గల్ఫ్ నుంచి తెచ్చిన టేప్ రికార్డరులో ముషాయిరా క్యాసెట్లు వేసేవారు. ఆ గొంతు నేను మొదట అక్కడే విన్నాను. మా అబ్బా కవి చదివేటప్పుడు మాట్లాడనిచ్చేవారు గానీ, "మలిక్‌జాదా సాబ్ మాట్లాడుతున్నప్పుడు నోరు మూసుకోండిరా" అనేవారు. నాలుగైదు వాక్యాలలో కవి ఏ దారిలో నడుస్తున్నాడో, ఆ దారిలో ముందు ఎవరు నడిచారో చెప్పి పక్కకు తప్పుకునేవారు. క్లాసులో పాఠం చెప్పినట్టు వుండేది గానీ, క్లాసు అని తెలియనిచ్చేవారు కాదు. బడిపంతులుగా ఆ విద్య నాకింకా పూర్తిగా పట్టుబడలేదు.

మూడవవారు అన్వర్ జలాల్‌పురి. 1947లో ఉత్తరప్రదేశ్‌లోని జలాల్‌పూర్‌లో పుట్టారు. ఇంగ్లీషు అధ్యాపకుడు. ఉర్దూలో ముషాయిరాలు నడిపి దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్నారు. భగవద్గీతను ఉర్దూ పద్యాల్లోకి తెచ్చారు. 2018 జనవరి 2న లక్నోలో మరణించారు, అదే నెలలో ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. ఆయన తానూ కవే, కాని నాజిమ్‌గా నిలబడినప్పుడు సభ తన కవిత్వం కోసం కాదని ఎరిగిన మనిషి. మాట సరళంగా వుండేది, సంస్కృతం మాటైనా ఫార్సీ మాటైనా ఇంట్లో మాటలా పలికేవారు.

ఈ ముగ్గురిలో ఒకరు అధికారి, ఒకరు ప్రొఫెసరు, ఒకరు అధ్యాపకుడు. ఒకరిది హాస్యం, ఒకరిది పాండిత్యం, ఒకరిది సరళత. పద్ధతులు వేరైనా ఒక్క విషయంలో ముగ్గురూ ఒకటే. మైకు తమ చేతుల్లో వున్నా ముషాయిరా తమది కాదు, కవులదీ శ్రోతలదీ అని తెలిసినవాళ్లు. ఆ పాత చోపుదారులాగా షమాను కవి ముందు పెట్టి వెనక్కి తగ్గడం తెలిసినవాళ్లు.

నా పొరపాటు

ఇప్పుడు ముందు చెప్పిన మాట నిలబెట్టుకుంటాను.

2009లో మన వార్షికోత్సవంలో మొదటిసారి నాకు నిజామత్ అప్పగించారు. నాకప్పుడు ముప్పై ఏళ్లు దాటలేదు. వందల షేర్లు నోటికి వచ్చు. పెద్ద నాజిమ్‌నయిపోయానని అనుకున్నాను. మన ఊళ్లోనే టైలరు షాపులో పనిచేసే ఒక కుర్రవాడు మొదటిసారి గజల్ చదవడానికి పేరిచ్చాడు. బడికి పెద్దగా వెళ్లలేదు. షాపులో రేడియో విని, పాత పుస్తకాలు చదివి తనంతట తాను రాయడం నేర్చుకున్నాడు. తనకు తానే ఒక గంభీరమైన కలం పేరు పెట్టుకున్నాడు. అతన్ని పిలిచేటప్పుడు నేను ఆ కలం పేరు మీద, అతని కత్తెర మీద ఒక చమత్కారం విసిరాను. అది బాగా పేలింది. ముందు వరుసలో పెద్దలు కూడా నవ్వారు. నాకు ఎంతో సంతోషం వేసింది.

ఆ కుర్రవాడు మైకు దగ్గరకు వచ్చేసరికి జనం ఇంకా నవ్వుతూనే వున్నారు. మొదటి షేరు సగం చదివాడు. చేతిలో కాగితం వణుకుతున్నది. "మాఫ్ కీజియే" అని దిగి వెళ్లిపోయాడు. దానికీ కొందరు నవ్వారు. నేను వెంటనే తరువాత పేరు పిలిచేశాను.

మరునాడు మా అబ్బా నాతో ఒకే మాట అన్నారు. "బేటా, నిన్న అందరికన్నా ఎక్కువ దాద్ నీకే వచ్చింది." ఆయన మెచ్చుకుంటున్నారని అనుకున్నాను. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇన్షా కథ పిల్లలకు ప్రతి సంవత్సరం పాఠంగా చెప్తూనే వున్నాను, ఆ ఇన్షా నేనే అని ఒకనాడు క్లాసు మధ్యలో తోచింది. కాదు, నాది ఇంకా పెద్ద తప్పు. అజీమ్ బేగ్ తప్పు చేసిన కవి, నిలదీసినవాడు సాటి కవి. ఇక్కడ ఆ పిల్లవాడు తప్పేమీ చేయలేదు. నవ్వించినవాడు అతని పరువు కాపాడవలసిన నాజిమ్. అజీమ్ బేగ్ కనీసం పద్యంలో జవాబు చెప్పుకున్నాడు. ఈ పిల్లవాడు మళ్లీ ఏ వేదికా ఎక్కలేదు. రాస్తున్నాడో మానేశాడో కూడా నాకు తెలియదు. తరువాత రెండుసార్లు అతని షాపుకు వెళ్లి క్షమాపణ అడిగాను. "అరే, పాత సంగతి మాస్టర్ సాబ్, చాయ్ తాగండి" అన్నాడు. చాయ్ తాగి వచ్చాను.

మన వేదిక

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మన సంఘం వేదిక లక్నో వేదిక కాదు. ఇక్కడికి వచ్చేవాళ్లలో ముక్కాలు మంది పిల్లలే. వాళ్లలో చాలామందికి ఉర్దూ ఇంట్లో మాట్లాడడం వచ్చు, లిపి రాదు. తెలుగు లిపిలో రాసుకుని నాతు చదువుతారు, గజల్ చదువుతారు. ఉచ్చారణలో తప్పులు వుంటాయి. ఆ తప్పులను సరిదిద్దడానికి బడి వున్నది, నేనున్నాను. వేదిక దానికి చోటు కాదు. వేదిక మీద ఒక పిల్ల ఒకసారి సిగ్గుపడి దిగిపోయిందంటే ఆ ఇంట్లోకి మళ్లీ ఆ భాష కవిత్వం అడుగుపెట్టకపోవచ్చు. ఏ భాషైనా అలా ఒక్కో ఇంట్లో నుంచి వెళ్లిపోతుంది. తెలుగు పద్యం చదివే పిల్లలకు కూడా ఇదే వర్తిస్తుంది.

అందుచేత కార్యవర్గానికి నా మనవులు కొన్ని వున్నాయి. నాజిమ్‌ను చివరి రోజున కాదు, మొదటి సమావేశంలోనే నిర్ణయించండి. కవుల జాబితా, పిల్లల జాబితా వారం ముందే అతని చేతికి ఇవ్వండి. ప్రతి పేరూ ఎలా పలకాలో వాళ్లనే అడిగి రాసుకోవాలి. ఎవరో దాత ఆలస్యంగా వచ్చారని, చదువుతున్న పిల్లవాణ్ణి ఆపి సన్మానం చేయించకండి. పరిచయం ఒక నిమిషం దాటకూడదు. చమత్కారం చేయాలనిపిస్తే నాజిమ్ తన మీద తాను చేసుకోవాలి. నవ్వడానికి ఆ మనిషి ఒక్కడు చాలు.

ఈ సంవత్సరం కూడా నిజామత్ నాకే అప్పగించారు. పిల్లల జాబితా నిన్న నా చేతికి వచ్చింది. అందులో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె పేరున్నది. నా క్లాసులోనే చదువుతున్నది. తానే రాసుకున్న నాలుగు షేర్లు చదువుతుందట. ఆమె తండ్రి ఆ టైలరే. పిల్లకు ఈ పాత సంగతి తెలుసో లేదో నేను అడగలేదు.

ఏమని పిలవాలా అని రాత్రి చాలాసేపు ఆలోచించాను. తండ్రి ప్రస్తావన తెచ్చి, ఆయన కూడా ఒకప్పుడు రాసేవారని గౌరవంగా చెప్పాలా? అలా చెబితే నా మనసు తేలికపడుతుంది గానీ, ఆ పిల్ల మీద ఒక బరువు పెట్టినట్టవుతుంది. చివరికి ఒక వాక్యం రాసుకున్నాను. ఆమె పేరు, ఆమె తరగతి, తన షేర్లు తానే రాసుకున్నదన్న మాట, అంతే. పిలిచిన తరువాత మైకును ఆమె ఎత్తుకు దించి పక్కకు జరుగుతాను.

తండ్రి వస్తాడో రాడో తెలియదు. షాపుకు వెళ్లి పిలిచి వచ్చాను. పండుగ బట్టల పని చాలా వుందన్నాడు, చూస్తానన్నాడు. సభ్యులు, కుటుంబాలు అందరూ సకాలంలో రావలసిందిగా ప్రార్థన. పిల్లలు చదివేటప్పుడు దయచేసి ముందు వరుసల్లో కూర్చోండి. మొదటి షేరుకే కాస్త గట్టిగా దాద్ ఇవ్వండి.